ఢిల్లీ సర్కారీ వకీల్, ఏలూరులో మన బీసీ-ఈ కాగజ్



ఏలూరులో గానీ, తాడేపల్లిగూడెంలో గానీ, కొల్లేటి గట్టు మీది ఊళ్లలో గానీ మన పిల్లలు కాలేజీ కౌన్సెలింగ్‌కి పట్టుకెళ్లే కాగితాల్లో బీసీ-ఈ సర్టిఫికెట్ ఒకటి. తహసీల్దార్ సంతకం ఉంటుంది, ముద్ర ఉంటుంది. కానీ ఆ కాగజ్‌కి బలం ఇస్తున్నది 2010 మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక మధ్యంతర ఉత్తర్వు. ఆ రోజు ఆంధ్రప్రదేశ్ సర్కారు తరఫున వాదించిన వకీళ్లలో జనాబ్ గులాం ఈసాజీ వాహనవతి ఒకరు. అప్పట్లో ఆయన భారతదేశ అటార్నీ జనరల్. ఆ కుర్సీ ఎక్కిన మొదటి ముసల్మాన్ ఆయనే.

దీని మీద మన మహఫిళ్లలో రెండు మాటలు వినపడతాయి. "మనాయన ఉన్నాడు కాబట్టి పనైంది" అని ఒకటి. "ఢిల్లీ సర్కారు వకీల్‌కి మన రాష్ట్రం పేషీలో ఏం పని?" అని ఇంకోటి. రెండింటికీ జవాబు ఆ కుర్సీ తారీఖ్‌లోనే ఉంది.

వకీల్ అరబీ మాట. తన పని ఎవరికి అప్పగిస్తామో అతను వకీల్. వకాల్తా, దాఖలు, ఫిర్యాదు, ఫైసలా అన్నీ ఇదే దారిలో తెలుగులోకి వచ్చి ఇక్కడే కాపురం పెట్టాయి. 1687లో గోల్కొండ పడిపోయాక మన ప్రాంతం మొగల్ అమలులోకి వెళ్లింది. ఏలూరు అప్పుడు ఒక సర్కార్ పేరు. చికాకోల్, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు కలిపి ఉత్తర సర్కారులు. ఔరంగజేబు జమానాలో సర్కారు మీద వచ్చే దావాలు చూడడానికీ, గరీబులకు ఉచితంగా మష్విరా ఇవ్వడానికీ వకీళ్లను నియమించేవారని చరిత్రకారులు రాశారు. 1765లో షా ఆలం ఫర్మానాతో ఈ సర్కారులు కంపెనీ చేతికి పోయాయి. తర్వాత ఇంగ్లీషు కానూన్ వచ్చింది, దాని వెంట ఇంగ్లీషు ఓహదాలూ వచ్చాయి.

1935 చట్టంతో మొత్తం దేశానికి ఒక అడ్వకేట్ జనరల్ ఏర్పడ్డాడు. మొదట ఆ పని చేసినవారు సర్ బ్రజేంద్ర మిత్తర్. 1950లో రాజ్యాంగం వచ్చాక ఆ స్థానం అటార్నీ జనరల్ అయింది. ఎం.సి. సెతల్వాడ్ మొదటివారు, 1963 దాకా ఉన్నారు.

రాజ్యాంగంలో దీనికి 76వ అధికరణం ఉంది. సుప్రీంకోర్టు జడ్జి కావడానికి తగినవారినే రాష్ట్రపతి నియమించాలి. సర్కారు అడిగిన కానూనీ విషయాల మీద మష్విరా ఇవ్వాలి. దేశంలో ఏ అదాలత్‌లోనైనా నిలబడి మాట్లాడే హక్కు ఉంది. 88వ అధికరణం ప్రకారం పార్లమెంటులో మాట్లాడవచ్చు, ఓటు మాత్రం లేదు. రాష్ట్రానికి ఇలాంటివారే అడ్వకేట్ జనరల్, 165వ అధికరణం. సొలిసిటర్ జనరల్ పేరు రాజ్యాంగంలో లేదు. అది నియమాల ద్వారా వచ్చిన ఓహదా, అటార్నీ జనరల్ తర్వాతి స్థానం.

ఇక రెండో ప్రశ్నకు జవాబు. 1987 నియమాల ప్రకారం ఈ లా ఆఫీసర్లు ప్రైవేటు మనుషుల కేసులు పట్టకూడదు. కేంద్రం కేసులు వాదించాలి. రాష్ట్ర సర్కారు కేసు మాత్రం తీసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ సర్కారు అడిగింది, వాహనవతి వచ్చారు. ఆయన పక్కన అదే వైపు వాదించినవారు మాజీ అటార్నీ జనరల్ కె. పరాశరన్. ఒకరు ముసల్మాన్, ఒకరు హిందూ. ఫైల్ మాత్రం ఒక్కటే, అది రాష్ట్రం ఫైల్.

ఆ ఫైల్ అక్కడిదాకా ఎలా వెళ్లిందో మన ఖాందాన్లలో ప్రతి చదువుకునే బిడ్డకూ తెలియాలి.

2004 జూలైలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి సర్కారు జీవో 33తో ముస్లింలకు 5 శాతం ఇచ్చింది. సెప్టెంబర్‌లో హైకోర్టు కొట్టేసింది. 2005లో మళ్లీ 5 శాతానికి చట్టం తెచ్చారు. నవంబర్‌లో అదీ పోయింది. అంకెలు చూడండి. మన రాష్ట్రంలో ఎస్సీ 15, ఎస్టీ 6, బీసీ 25, మొత్తం 46. దానికి 5 కలిపితే 51. ఇంద్రా సహానీ కేసులో 1992లో సుప్రీంకోర్టు గీసిన గీత 50. ఇంకో పెద్ద లోపం, మొత్తం కౌమ్‌ని ఒకే వర్గంగా తీసుకోవడం. ఎవరు ఎంత వెనకబడ్డారో సరైన సబూత్ లేకపోవడం.

మూడోసారి దారి మార్చారు. రిటైర్డ్ ఐఏఎస్ అధికారి పి.ఎస్. కృష్ణన్ నివేదిక, బీసీ కమిషన్ సిఫారసు తీసుకుని 2007లో 26వ నంబరు చట్టం చేశారు. ఈసారి 4 శాతం. షెడ్యూల్‌లో బిరాదరీల పేర్లు రాశారు. అత్తర్ సాయిబులు, ముస్లిం ధోబీలు, ఫకీర్లు, గారడీ సాయిబులు, హజాంలు, లబ్బీలు, ఖురేషీలు, షేక్‌లు, సిద్దీలు, ఇంకా కొందరు. సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా లాంటివారిని బయట పెట్టారు. దూదేకుల లేక నూర్‌బాష్‌లు అంతకుముందు నుంచే బీసీ-బిలో, మెహతర్లు బీసీ-ఏలో ఉన్నారు. అందుకే ఒకే గల్లీలో షేక్ ఇంటి పిల్లకి బీసీ-ఈ, నూర్‌బాష్ ఇంటి పిల్లాడికి బీసీ-బి, పఠాన్ ఇంటివాళ్లకి ఓసీ.

2010 ఫిబ్రవరి 8న ఏడుగురు జడ్జీల హైకోర్టు ధర్మాసనం 5-2 మెజారిటీతో ఈ చట్టాన్ని కూడా కొట్టేసింది. కమిషన్ సర్వే శాస్త్రీయంగా లేదని తప్పు పట్టింది. ఆరున్నర వారాలకు సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును ఆపింది. షెడ్యూల్‌లోని మొదటి 14 వర్గాలకు కోటా కొనసాగించమంది, కేసును రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. ఏళ్లు గడుస్తున్నాయి, మన కాగజ్ ఆ మధ్యంతర హుకుం నీడలోనే నడుస్తోంది. 2014లో రాష్ట్రం రెండైనా రెండు చోట్లా ఇదే సంగతి.

ఢిల్లీలో రాసిన కాగితం మన గట్ల దాకా ఎలా వస్తుందో కొల్లేటి జనానికి చెప్పనక్కర్లేదు. 1999లో జీవో 120 అయిదో కాంటూరు వరకు అభయారణ్యం అంది. సుప్రీంకోర్టు ఆదేశాల మీద 2006లో యంత్రాలొచ్చి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టాయి. పేషీ అక్కడ, ఫలితం ఇక్కడ.

ఇప్పుడు మొదటి మాటకొద్దాం. మనాయన ఉంటే చాలా?

ఆ కుర్సీలో కూర్చున్నవారి తారీఖ్ రెండు రకాలుగా ఉంది. 1958లో ముంధ్రా వ్యవహారం మీద జస్టిస్ ఎం.సి. చాగ్లా బహిరంగ విచారణ జరిపారు. కమిషన్‌కు సాయంగా నిలబడిన అటార్నీ జనరల్ సెతల్వాడ్, ఆర్థిక మంత్రి జిమ్మేదారీ తప్పించుకోలేరని సర్కారు ముఖం మీదే అన్నారు. టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఎమర్జెన్సీలో ఇంకో అటార్నీ జనరల్ నిరెన్ డేని జస్టిస్ ఖన్నా ఒక మాట అడిగారు. పోలీసు పగతో మనిషిని చంపినా అదాలత్‌లో దారి లేదా అని. ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేదన్నదే ఆయన జవాబు. కుర్సీ అదే, అధికరణం అదే.

మన కేసుకే దగ్గరి నమూనా పక్క రాష్ట్రంలో ఉంది. 2023లో కర్ణాటక సర్కారు ముస్లింల 4 శాతం 2బి కోటా రద్దు చేసింది. సుప్రీంకోర్టులో ఆ రాష్ట్రం తరఫున నిలబడింది సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతా. మజ్హబ్ ఒక్కటే ఆధారంగా రిజర్వేషన్ చెల్లదన్నది ఆ రాష్ట్రం దలీల్. 2010లో కేంద్రం పెద్ద వకీల్ ముస్లిం వర్గాల కోటాను కాపాడే వైపు నిలబడ్డారు, 2023లో మరో పెద్ద వకీల్ దాన్ని తీసేసే వైపు నిలబడ్డారు. ఇద్దరూ తమ ఓహదా దాటలేదు. ఏ సర్కారు వకాల్తా ఇస్తే ఆ సర్కారు మాట చెప్పారు. సర్కారు రేపు మాట మారిస్తే వకీల్ దలీల్ కూడా మారుతుంది.

మరి మారనిది ఏమిటి? సబూత్. ఆంధ్ర హైకోర్టు మూడుసార్లు అడిగింది అదే. ఏ బిరాదరీలో ఎంతమంది బడి మానేశారు, ఎంతమందికి నౌకరీ ఉంది, లెక్కలు ఎక్కడ?

అందుకే కొన్ని మాటలు ఇంట్లో చెప్పుకోండి. బిరాదరీ పేరు బడి రికార్డులో సరిగ్గా రాయించండి. అమ్మీ, అబ్బా, దాదాల పాత సర్టిఫికెట్లు భద్రం చేయండి. రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర జాబితా వేరు. తాడేపల్లిగూడెం పక్కన వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం రాష్ట్రానిది, అక్కడ బీసీ-ఈ నడుస్తుంది. అదే ఊళ్లోని నిట్ కేంద్రానిది, అక్కడ కేంద్ర ఓబీసీ జాబితాలో పేరుంటేనే ఓబీసీ సీటు. అప్లికేషన్ పెట్టే ముందే చూసుకోండి. కోటా రాని సయ్యద్, పఠాన్ గరీబు ఖాందాన్లు 2019 నుంచి ఉన్న ఈడబ్ల్యూఎస్ 10 శాతం సంగతి కనుక్కోండి.

రాబోయే జనగణనలో కులం కూడా లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. గణకుడు గుమ్మంలోకి వచ్చినప్పుడు "ముస్లిం" అని ఊరుకోకండి, బిరాదరీ పేరూ చెప్పండి. మన మసీదు కమిటీలు బడి మానేసిన పిల్లల పేర్లు ఒక రిజిస్టర్‌లో రాసి ఉంచితే ఇంకా మేలు. రాజ్యాంగ ధర్మాసనం ముందు ఎవరు నిలబడతారో, ఏ వైపు నిలబడతారో మన చేతిలో లేదు. ఆ ఫైల్‌లో మన ఊరి లెక్క ఉండడం మాత్రం మన చేతిలో ఉంది.