వాకిట మాయాజనము

ఒక సేవను నాశనము చేయుటకు దానిని దోచుకొనవలసిన పని లేదు. పగులగొట్టవలసిన పనియు లేదు. దాని వాకిట అడ్డు నిలిచి, అక్కరగలవారికి దారి లేకుండ చేసిన చాలును. రేడియో శ్రోతలకు ఈ విద్య తెలియనిది కాదు. 1948 మొదలు 1988 వరకు, నడుమ కొన్ని విరామములతో, సోవియటు ప్రభుత్వము విదేశ ప్రసారములపై చేసిన పని ఇదియే. దూరదేశపు స్టేషనును ఎవరును కూల్చలేదు. ఆ తరంగముపైననే మరియొక యంత్రము రొద పెట్టెను. మాట పుట్టుచునే యుండెను. చెవికి మాత్రము చేరలేదు. కంప్యూటర్ల లోకమున ఇట్టి చర్యకే సేవానిరోధ దాడి యని పేరు.

సర్వరు అనగా అడిగినవారికి అడిగినది అందించుటకై ఎల్లవేళల మేలుకొని యుండు కంప్యూటరు. రైలు టిక్కెట్టు, బ్యాంకు ఖాతా, కరెంటు బిల్లు, ఇవి యన్నియు నేడు ఏదో యొక సర్వరు వాకిటికి పోయి అడుగదగినవే. ఆ యంత్రము ఎంత శక్తిమంతమైనను, ఒక క్షణములో ఇందరికే బదులు చెప్పగలదను హద్దు దానికి కలదు. ఇంటర్మీడియటు ఫలితములు వెలువడిన దినమున లక్షలాది విద్యార్థులు ఒక్కమారుగా అడుగుటచేత ఫలితముల పుట తెరచుకొనకపోవుట మన ఇండ్లలో పలువురు చూచినదే. అక్కడ శత్రువు లేడు. అందరును అక్కరతో వచ్చినవారే. దాడి యందు మాత్రము, వచ్చినట్లు కనబడువారికి పని యేమియు లేదు. నిజమైన అతిథిని మాయాతిథి నుండి వేరుచేయుట యెట్లు? ఆ బాధ్యత ఎవరిది? ఈ చరిత్ర యంతయు ఈ రెండు ప్రశ్నల చుట్టును తిరుగుచున్నది.

న్యూయార్కు నగరమున పానిక్స్ అను సంస్థ 1989 నుండి చందాదారులకు కంప్యూటరు సంబంధములు కల్పించుచుండెను. 1996 సెప్టెంబరు 6వ తేదీ, శుక్రవారమున దాని తపాలా సర్వర్లు ఉన్నట్టుండి మూగవోయెను. యంత్రములు చెడలేదు, తీగలు తెగలేదు, ఎవరును లోనికి చొరబడలేదు. అయినను చందాదారులకు ఉత్తరములు అందలేదు. పిమ్మట ఆ సంస్థ ఇతర సర్వర్లకును అదే గతి పట్టెను.

జరిగినదేమో తెలియుటకు రెండు కంప్యూటర్లు ఎట్లు పలకరించుకొనునో తెలియవలెను. 1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ సంపాదకత్వమున వెలువడిన టి.సి.పి. నియమావళి ప్రకారము, అసలు సంభాషణకు ముందు మూడు మాటలు నడువవలెను. వచ్చినవాడు "మాట్లాడవచ్చునా?" అని అడుగును. సర్వరు "మాట్లాడవచ్చును, వింటివా?" అని బదులిచ్చును. "వింటిని" అని అతడు చెప్పిన పిదప పని మొదలగును. రెండవ మాటకును మూడవ మాటకును నడుమ సర్వరు ఆ వచ్చినవాని వివరమును తన చిట్టాలో వ్రాసికొని వేచియుండును. ఆనాటి యంత్రములలో ఆ చిట్టా మిక్కిలి చిన్నది. వేచియుండు కాలమో, పెక్కింటిలో 75 సెకనులు. పానిక్స్‌పై దాడి చేసినవాడు మొదటి మాటను మాత్రమే, దొంగ చిరునామాలతో, ఎడతెగక పంపెను. సర్వరు బదులిచ్చిన చోట్ల "వింటిని" అనువారు లేరు. చిట్టా నిండెను. నిజమైన చందాదారునకు అందు చోటు లేకపోయెను. ఇంత చేయుటకు గొప్ప యంత్రబలము అక్కరలేదు. టెలిఫోను తీగకు తగిలించిన సామాన్యమైన కంప్యూటరు చాలును.

ఈ బలహీనత అంతకుమున్ను ఎవరికిని తెలియనిదా? కాదు. 1994 నాటికే బిల్ చెస్విక్, స్టీవ్ బెలోవిన్ అను ఇద్దరు నిపుణులు దీనిని కనిపెట్టిరి. తమ గ్రంథమున దీనిని గూర్చి ఒక పేరా చేర్చి, మరల తీసివేసిరి. తరువాతి రెండేండ్లలో విరుగుడు ఏదియు సిద్ధము కాలేదు. 1996లో ఫ్రాక్ అను పత్రిక దాడి చేయు విధానమును, అందుకు వలయు ప్రోగ్రామును గూడ ప్రకటించెను. దాచినంత మాత్రమున లోపము తీరదు. దాచిన కాలమున మందు నూరి యుంచినప్పుడే ఆ మౌనమునకు ఫలము.

దెబ్బ తగిలిన పిమ్మట మందు త్వరగానే దొరికెను. డేనియల్ బెర్న్‌స్టీన్, ఎరిక్ షెంక్ అనువారు ఆ సెప్టెంబరులోనే ఒక ఉపాయమును రూపొందించిరి. మన ఊళ్లలో రజకుడు ఏ బట్ట ఏ ఇంటిదో పుస్తకమున వ్రాసికొనడు. బట్టమీదనే గుర్తు పెట్టును. ఈ ఉపాయమును అట్టిదే. సర్వరు తన బదులులో ఎట్లును ఒక సంఖ్యను పంపవలసి యుండును. వచ్చినవాని చిరునామా, అప్పటి కాలము, తనకు మాత్రమే తెలిసిన రహస్యము, ఈ మూడింటిని కలిపి ఆ సంఖ్యను గణించి పంపును. చిట్టాలో ఏమియు వ్రాయదు. నిజమైనవాడు మూడవ మాటతో ఆ గుర్తును తిరిగి తెచ్చును. సర్వరు మరల గణించి సరిచూచుకొనును. దొంగ చిరునామా వ్రాసినవానికి బదులే చేరదు గనుక, గుర్తు తెలియు మార్గము లేదు. దీనికి సిన్ కుకీ యని పేరు.

ఇది వాకిటిలోని రక్షణ. రెండవ రక్షణ పొలిమేరలో చేయవలసినది. 1998 జనవరిలో పాల్ ఫెర్గూసన్, డేనియల్ సెనీ అనువారు ఒక నియమమును ప్రతిపాదించి, 2000 మే నెలలో దానిని సవరించి ప్రకటించిరి. ఇంటర్నెట్టు సౌకర్యము నిచ్చు ప్రతి సంస్థయు, తన చందాదారుల నుండి బయలుదేరు సమాచారము తాను వారికిచ్చిన చిరునామాతోనే పోవుచున్నదా యని పరీక్షింపవలెను. దొంగ చిరునామా యున్న దానిని అక్కడనే ఆపవలెను. ఇంట గెలిచి రచ్చ గెలువు మనుట మన సామెత. కాని ఇందు ఒక చిక్కు కలదు. పరీక్షకగు ఖర్చు తనది. దానివలని లాభము ఎక్కడనో యున్న పరాయివానిది. అందుచేతనే ఈ నియమము నేటికిని అన్ని చోట్ల అమలు జరుగుట లేదు.

ఇంతవరకు శత్రువు ఒక్కడు, అతని ముసుగులు అనేకము. 1999లో ఈ స్థితి మారెను. ఆ సంవత్సరము ఆగస్టులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయపు కంప్యూటరొకటి రెండు దినములకు పైగా పనిచేయలేకపోయెను. దానిని ముంచెత్తినవి కనీసము 227 కంప్యూటర్లు. వాని యజమానులు ఏ పాపము ఎరుగరు. ఎవరో దొంగచాటుగా వానిలో ట్రిను అను ప్రోగ్రామును చొప్పించి, ఒక్క ఆజ్ఞతో అన్నిటిని కదలించిరి. 2000 ఫిబ్రవరి 7వ తేదీన యాహూ, ఆ మరునాడు అమెజాన్, ఈబే, సి.ఎన్.ఎన్. సర్వర్లు ఇట్లే చేతబడిన కంప్యూటర్ల ధాటికి తట్టుకొనలేక కొంతసేపు అందకపోయెను. ఇంత పని చేసినవాడు కెనడా దేశమున, మాంట్రియలు ప్రాంతపు 15 ఏండ్ల బాలుడు. 2001లో న్యాయస్థానము అతనికి 8 నెలల నిర్బంధము విధించెను. బాలుని తెలివికన్న ఆలోచింపదగినది, అతనికి లొంగిన యంత్రముల నిర్లక్ష్యస్థితి.

దాడికి గురియైనవారు తమ వంతు కృషి మానలేదు. 2002 అక్టోబరు 21న ఇంటర్నెట్టు పేర్లకు మూలాధారమైన 13 రూట్ సర్వర్లపై సుమారు ఒక గంటసేపు దాడి జరిగెను. అటుపిమ్మట నిర్వాహకులు ఒకే చిరునామాతో ప్రపంచమున పలు చోట్ల ప్రతిరూపములను నిలుపు ఎనీకాస్ట్ పద్ధతిని విస్తరింపజేసిరి; ఒక్క వాకిటికి రావలసిన వరద పెక్కు కాలువలుగా చీలిపోవును. 2018 ఫిబ్రవరి 28న గిట్‌హబ్ అను సంస్థను సెకనుకు 1.35 టెరాబిట్ల వెల్లువ తాకెను. ఒక టెరాబిట్టు అనగా లక్ష కోట్ల బిట్లు. ఆ సంస్థ వచ్చు రాకపోకలను అకమాయ్ వారి శుద్ధి కేంద్రములకు మళ్లించి, చెత్తను జల్లెడ పట్టించి, కొలది నిమిషములలోనే తేరుకొనెను. అయితే ఇట్టి జల్లెడలు ధనముతో కూడినవి. చిన్న పత్రికకో, పాఠశాలకో అంతటి స్తోమత ఎక్కడిది?

అందువలన దాడి పుట్టుచోటు వంక మరల చూడవలసి యున్నది. 2016లో మిరాయ్ అను ప్రోగ్రాము ప్రపంచమున లక్షలాది చిన్న యంత్రములను లోబరచుకొనెను. అవి విశ్వవిద్యాలయపు కంప్యూటర్లు కావు. ఇండ్లలోని రౌటర్లు, అంగళ్లలోని నిఘా కెమెరాలు. అది చేసిన ఘనకార్యము అల్పమైనది. కర్మాగారములో పెట్టిన పాస్‌వర్డులు సుమారు 60 వరుసగా ప్రయత్నించి చూచినది. మార్చనివారి తలుపులు తెరచుకొనెను. ఆ యేడు అక్టోబరు 21న ఈ సేన డిన్ అను సంస్థపై పడగా, ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ మొదలగు పెక్కు సేవలు అమెరికాలో కొన్ని గంటలు అందకపోయెను. మిరాయ్‌ని కల్పించిన ముగ్గురు యువకులు 2017 డిసెంబరులో నేరము ఒప్పుకొనిరి. కాని వారు చేర్చిన కెమెరాలలో ఒక్కదానిని గూడ వారు కొనలేదు, కొన్నవారు గృహస్థులు.

మన దేశమున 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము 43వ విభాగము, అధికారము గలవానికి కంప్యూటరు అందకుండ చేయుటను అపరాధముగా పేర్కొన్నది. మోసబుద్ధితో చేసినచో 66వ విభాగము క్రింద 3 ఏండ్ల వరకు కారాగారము విధింపవచ్చును. సెర్ట్-ఇన్ అను కేంద్ర ప్రభుత్వ సంస్థ 2004 జనవరి నుండి ఇట్టి విపత్తులను కనిపెట్టుచున్నది. 2017 ఫిబ్రవరిలో ప్రారంభమైన సైబర్ స్వచ్ఛతా కేంద్రము, సోకిన యంత్రములను శుభ్రపరచు సాధనములను ఉచితముగా అందించుచున్నది. కాని చట్టమును, ప్రభుత్వమును ప్రతి ఇంటి గోడనున్న కెమెరా కడకు రాలేవు.

గృహస్థుడు చేయవలసినది స్వల్పము. రౌటరు గాని, కెమెరా గాని కొనిన దినముననే దానితో వచ్చిన పాస్‌వర్డును మార్చవలెను. తయారీదారులు పంపు దిద్దుబాట్లను ఎప్పటికప్పుడు చేర్చుకొనవలెను. యంత్రమును ఒకమారు ఆపి వెలిగించినచో మిరాయ్ తొలగును. పాత పాస్‌వర్డే ఉన్నచో కొలది నిమిషములలో తిరిగి ప్రవేశింపవచ్చును. కనుక ముందు మార్పు, తరువాతనే నిశ్చింత.

ముట్టడికి లోనగు వాకిలి ఎప్పుడును మరియొకరిదిగా కనబడును. ముట్టడి బయలుదేరు వాకిలి మనది కాకుండ చూచుకొనుట మాత్రము మన చేతిలోనిది.