హనుక్కా దీపం ఎక్కడ వెలగాలి

యూదుల ఆచారాలు చాలావరకు ఇంటికో ప్రార్థనామందిరానికో పరిమితమైనవి కాగా, హనుక్కా దీపం మాత్రం ఇంటివాళ్లు వెలిగించి వీధికి చూపించవలసిన దీపం. క్రీ.పూ. 164లో మక్కబీ సోదరులు జెరూసలేం ఆలయాన్ని సెల్యూసిడ్ రాజుల చెర నుంచి విడిపించి పునఃప్రతిష్ఠ చేసిన ఘట్టాన్నీ, ఒక్కరోజుకు సరిపడే నూనె ఎనిమిది రోజులు వెలిగిందన్న విశ్వాసాన్నీ కలిపి స్మరించే ఈ ఎనిమిది రాత్రుల పండుగలో, దీపం ప్రయోజనాన్ని శాస్త్రకారులు ‘పిర్సుమె నిస్సా’ అన్నారు. అంటే జరిగిన మహిమను నలుగురికీ చాటడం.

ఎవరికి చాటాలి, ఏ వేళ దాకా చాటాలి అన్న విషయంలో ధర్మచర్చల మహాసంకలనమైన బాబిలోనియా తల్ముద్ ఎంతో నిర్దిష్టంగా మాట్లాడింది. దీపం గుమ్మం బయట ఎడమపక్కన ఉండాలి; కుడి ద్వారబంధానికి ‘మెజూజా’, అంటే లేఖన వాక్యాలు రాసిన తోలుచుట్ట ఉంటుంది కనుక, లోపలికి వచ్చే మనిషి ఆ రెంటి నడుమగా నడుస్తాడు. మేడమీద కాపురమున్నవారు వీధివైపు కిటికీలో పెట్టాలి. పొద్దుగూకింది మొదలు అంగడివీధిలో జనసంచారం సద్దుమణిగే వరకు అది వెలగాలి. అందరికంటే ఆలస్యంగా అంగడి విడిచి వెళ్లేవారు వంటచెరకు అమ్ముకునే తర్మోదీయులు, అనగా పాల్మైరావాసులు, కాబట్టి వారు వెళ్లేదాకా అని గ్రంథం గడువు పెట్టింది. అంతకు ముందటిదైన, క్రీ.శ. 200 ప్రాంతంలో రూపొందిన మిష్నా అనే ధర్మసంహితలో మరింత ఆసక్తికరమైన వివాదముంది. అవిసెనార మోపుతో వీధిన పోతున్న ఒంటె, దుకాణదారు బయట పెట్టిన దీపానికి తగిలి, నార అంటుకుని ఇల్లు కాలిపోతే నష్టం దుకాణదారే భరించాలి. అయితే అది హనుక్కా దీపమైతే అతనిపై బాధ్యత లేదని రబ్బీ యెహూదా వాదించాడు. వీధిలో దీపం పెట్టడాన్ని సొంత ఇష్టంగా కాక విధిగా ఎంచినవారికే ఇలాంటి మినహాయింపు తోస్తుంది.

అయితే ప్రమాదం పొంచి ఉన్న కాలంలో ఇంట్లో బల్లమీద పెట్టుకుంటే చాలునని కూడా అదే తల్ముద్ చెప్పింది. పర్షియన్లు తమ పండుగనాడు తమ ఆరాధనాలయంలో తప్ప మరెక్కడా దీపం వెలగనిచ్చేవారు కాదని, ఆ ప్రమాదం అదేనని 11వ శతాబ్దపు ఫ్రెంచి వ్యాఖ్యాత రాషీ వివరించాడు. ఆపద్ధర్మంగా పుట్టిన ఈ సడలింపు మధ్యయుగ ఐరోపాలో నిత్యాచారమైపోయింది. ప్రమాదం లేని రోజుల్లో కూడా జనం దీపాన్ని ఎందుకు బయట పెట్టడం లేదని 13వ శతాబ్దంలో వియన్నాకు చెందిన ఐజాక్ బెన్ మోషే ఆశ్చర్యపోగా, తమ కాలంలో అందరూ లోపలే వెలిగిస్తున్నందున బాటసారులకు అసలే గుర్తు తెలియడం లేదని 16వ శతాబ్దంలో క్రాకోవ్ పండితుడు మోషే ఇస్సెర్లెస్ నమోదు చేశాడు. చాటడమన్న విధిని మాత్రం ఎవరూ వదులుకోలేదు. ఇంటివాళ్లకు తెలిస్తే చాలునని శ్రోతల పరిధిని కుదించుకున్నారు, అంతే. వీధిలో పోగొట్టుకున్నదాన్ని ప్రార్థనామందిరంలో పూడ్చుకునే ఆనవాయితీ కూడా ఇందుకే ఏర్పడిందని, పరజాతుల పెత్తనం కింద ప్రతివారూ ఇంటి దగ్గర విధిప్రకారం చాటలేకపోవడమే దానికి కారణమని 14వ శతాబ్దపు స్పెయిన్ పండితుడు ఐజాక్ బెన్ షెషెత్ అభిప్రాయపడ్డాడు.

ఇంటికీ వీధికీ పోటీ వస్తే శాస్త్రం ఎటు మొగ్గుతుందన్నది ఇంకా గమనించదగింది. చేతిలో ఒక్క దీపానికే డబ్బున్న పేదవాడు హనుక్కా దీపాన్ని మాని, శుక్రవారం సాయంత్రం వెలిగించే సబ్బాతు దీపాన్నే కొనాలి, ఎందుకంటే చీకట్లో కూర్చున్న కుటుంబానికి శాంతి ఉండదు. కాని సబ్బాతు ద్రాక్షారసానికీ హనుక్కా దీపానికీ మధ్య ఎంచుకోవలసి వస్తే, మహిమను చాటే దీపానిదే పైచేయి. బహిరంగ ప్రకటన గొప్పదే గాని ఇంటి ప్రశాంతతకంటే గొప్పది కాదన్నమాట.

ఆధునిక కాలంలో దీపం మళ్లీ వీధికెక్కింది, అదీ ఇంటి గుమ్మం దాటి నగర కూడళ్లకు. 1974లో హబాద్ అనే హసిదీ, అంటే యూదు భక్తిమార్గ, ఉద్యమం ఫిలడెల్ఫియాలో లిబర్టీ బెల్ దగ్గర దీపస్తంభం నిలబెట్టగా, మతాన్ని ప్రభుత్వ స్థలాలకు దూరంగా ఉంచడమే అల్పసంఖ్యాకులకు రక్షణ అని నమ్మిన అమెరికన్ జ్యూయిష్ కాంగ్రెస్ ఇలాంటి ప్రదర్శనలను వ్యతిరేకించింది. 1989లో పిట్స్‌బర్గ్ దీపస్తంభం గురించిన వివాదంలో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని అనుమతించింది గాని, క్రిస్మస్ చెట్టు పక్కన అది శీతాకాలపు పండుగల వాతావరణంలో భాగమే తప్ప మతానికి ఆమోదముద్ర కాదని న్యాయమూర్తి బ్లాక్‌మన్ తన అభిప్రాయంలో రాశాడు. మహిమను చాటడానికి పుట్టిన దీపానికి, మతాన్ని చాటడం లేదన్న కారణంతో అనుమతి దొరకడం విడ్డూరమే. పైగా హనుక్కా విధి ఇంటికి సంబంధించినది కనుక, కూడలిలో ఎంత పెద్ద దీపం వెలిగించినా దానితో బాధ్యత తీరదు. వెలిగించినవారూ చూసినవారూ ఇంటికి వెళ్లి మళ్లీ వెలిగించాల్సిందే.