రేనాటి సీమలో సంఖ్యాలేఖనం: శాసనాల మాటల నుంచి రోమన్ అంకెల దాకా

సంఖ్యను నోటితో చెప్పడానికి భాష చాలు గాని, దానిని రాసి తరువాతి తరాలకు అందించడానికి ఒక పద్ధతి కావాలి. ఈ పద్ధతులు ప్రధానంగా మూడు విధాలు: సంఖ్యను మాటలతోనే రాయడం మొదటిది, ఒక్కొక్క విలువకు ఒక్కొక్క గుర్తు పెట్టుకొని, ఆ గుర్తుల విలువలను కూడుకోవడం రెండవది, తొమ్మిది అంకెలనూ ఒక సున్ననూ మాత్రమే ఉంచుకొని, అంకె నిలిచిన చోటును బట్టి విలువ కట్టడం మూడవది. రెండవదానిని సంకలన పద్ధతి అనీ, మూడవదానిని స్థానవిలువ పద్ధతి అనీ అంటారు. నేడు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బడుల్లో పిల్లలు నేర్చుకొనే రోమన్ అంకెలు రెండవ పద్ధతికి చెందినవి. అవి ఈ సీమకు చేరింది పంతొమ్మిదవ శతాబ్దిలోనే అయినా, వాటి వెనుక ఉన్న సూత్రం ఇక్కడివారికి కొత్తది కాదని పెన్నా లోయ సంఖ్యాలేఖన చరిత్రను వరుసగా చూసినవారికి తెలుస్తుంది.

శాసనాల కాలం

రాయలసీమ పరిసరాల్లో రాతిమీద నిలిచిన తొలి అంకెలు మౌర్య చక్రవర్తి అశోకుని నాటివి. రాయదుర్గం సరిహద్దుకు అవతల, నేటి కర్ణాటకలోని చిత్రదుర్గం జిల్లా బ్రహ్మగిరి వద్ద, క్రీ.పూ. మూడవ శతాబ్దిలో చెక్కించిన చిన్న శిలాశాసనంలో 256 అనే సంఖ్య బ్రాహ్మీ అంకెల్లో ఉంది. అది నేటివలె రెండు, ఐదు, ఆరు అన్న అంకెల వరుస కాదు. రెండు వందలకు ఒక గుర్తు, యాభైకి ఒక గుర్తు, ఆరుకు ఒక గుర్తు చెక్కి, చదివేవారు ఆ మూడింటినీ కూడుకొనేలా విడిచారు. అదే సంఖ్యను రోమన్ అంకెల్లో రాయవలసి వస్తే వందను తెలిపే 'సి' అక్షరం రెండుసార్లు, యాభైని తెలిపే 'ఎల్' ఒకసారి, ఐదును తెలిపే 'వి', ఒకటిని తెలిపే నిలువు గీత వరుసగా రాయాలి. గుర్తులు వేరైనా కూడుకొనే పని రెండింటిలోనూ ఒకటే. ఇంచుమించు ఒకే యుగంలో, ఒకదానితో ఒకటి పరిచయం లేని రెండు నాగరికతలు ఒకే దారిలో ఆలోచించాయని దీనివల్ల గ్రహించవచ్చు.

ఆ తరువాత సుమారు ఎనిమిది వందల ఏండ్లకు ప్రొద్దుటూరుకు దక్షిణాన, ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్ళలో, రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనం వెలసింది. క్రీ.శ. 575 ప్రాంతానిదిగా చరిత్రకారులు నిర్ణయించిన ఈ శాసనం తెలుగులో లభించిన తొలి శాసనాల్లో ఒకటి. ఆ రాజవంశపు శాసనాల్లో సంఖ్యలకు మాటలే ఆధారం. దానమిచ్చిన భూమిని 'మఱుతురు' అనే కొలతతో లెక్కించి, ఎన్ని మఱుతురులో మాటల్లోనే చెప్పేవారు. వారేలిన సీమకే 'రేనాడు ఏడువేలు' అనే పేరు ఉండడం గమనింపదగిన విషయం. సంఖ్య ఆ సీమ పేరులోనే కలిసిపోయింది. మాటలతో రాసిన సంఖ్యను చెరిపి మార్చడం కష్టం కనుక దానశాసనాలకు ఆ పద్ధతి బాగా తగింది. నేటికీ ప్రామిసరీ నోటులో మొత్తాన్ని అంకెలు వేసి, పక్కన 'అక్షరాలా' అని మళ్ళీ మాటల్లో రాయడం ఆ జాగ్రత్తకు కొనసాగింపే.

స్థానవిలువ వచ్చిన తీరు

సున్నతో కూడిన స్థానవిలువ పద్ధతి ఇంతలో భారతదేశంలో స్థిరపడింది. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు తన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో సున్నను కూడినా, తీసివేసినా, హెచ్చించినా ఏమవుతుందో సూత్రాలుగా చెప్పాడు. తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన పద్యాల్లోకి తేవడంతో, గణితశాస్త్రం తెలుగు చదువరికి సొంత భాషలో అందింది.

విజయనగర కాలానికి కడప సీమ శాసనాల్లో శాలివాహన శకసంవత్సరాన్ని ౧, ౨, ౩ వంటి తెలుగు అంకెల్లో వేసి, పక్కనే ప్రభవాది అరవై సంవత్సరాల పేర్లలో ఆ ఏటి పేరును చెప్పడం వాడుకగా మారింది. శకవర్షానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. ఉదాహరణకు శకం 1455 అంటే క్రీ.శ. 1533, ఆ ఏడు విజయ సంవత్సరం. రాతిమీద ఒక అంకె అరిగిపోయినా ఏటి పేరును బట్టి దానిని సరిచూసుకొనే వీలు ఇందులో ఉంది. పద్యరూపమైన శాసనాల్లో భూతసంఖ్యలు అనే మరొక పద్ధతి కూడా నడిచింది. చంద్రుడు ఒక్కడే కనుక ఒకటికి, నేత్రాలు రెండు కనుక రెండుకు, వేదాలు నాలుగు కనుక నాలుగుకు, మన్మథుని బాణాలు ఐదు కనుక ఐదుకు ఆయా మాటలను వాడి, సంఖ్యను ఒకట్ల స్థానం నుంచి ఎడమవైపుకు చదువుకొనే ఏర్పాటు అది. 1455ను ఈ పద్ధతిలో చెప్పాలంటే బాణ, బాణ, వేద, చంద్ర అనే మాటలు వరుసగా రావాలి. మొదటి బాణం ఐదు, రెండవ బాణం యాభై. అంటే పైకి మాటలుగా కనబడినా లోపల పనిచేసేది స్థానవిలువే. కడప జిల్లా శాసనాలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి సంపాదకత్వంలో సంపుటాలుగా ప్రకటించడం వల్ల ఈ తేదీల తీరును పరిశీలించే అవకాశం పాఠకులకు దొరికింది.

కరణం కవిలె, వీధిబడి

రాజశాసనం ఏ నూరేళ్ళకో ఒకసారి అవసరమయ్యేది. ఊరి లెక్క రోజూ అవసరమయ్యేది. ఆ లెక్క కరణం చేతిలో, తాటాకు కవిలెల్లోనూ, మసి పూసి మడిచిన బట్టపై బలపంతో రాసే కడితాల్లోనూ నడిచింది. ఈ లెక్కల్లోని భిన్నాల గుర్తులు తెలుగువారి సంఖ్యాలేఖనంలో అత్యంత విశిష్టమైన భాగం. పూర్ణసంఖ్యలు పదుల లెక్కన పెరిగితే, భిన్నాలు నాలుగింటి లెక్కన తరిగేవి. ఒకటిలో నాలుగో వంతు కాలు, రెండు కాళ్ళు అర, మూడు కాళ్ళు ముక్కాలు. కాలులో మళ్ళీ నాలుగో వంతు, అంటే పదహారో వంతు, వీసం. రెండు వీసాలు పరక. కాలు, అర, ముక్కాలుకు ఒకటి, రెండు, మూడు నిలువు గీతలు (౹ ౺ ౻) గీసేవారు. వీసం, పరక, మూడు వీసాలకు ఒకటి, రెండు, మూడు అడ్డగీతలు (౼ ౽ ౾) గీసేవారు. నిలువు గీతల స్థానం, అడ్డగీతల స్థానం ఒకదాని తరువాత ఒకటి వచ్చేవి కనుక, ఏ గీత ఏ స్థానానిదో పొరబడే భయం తక్కువ.

రూపాయికి పదహారణాలు కావడం వల్ల ఈ గుర్తులు నాణేల లెక్కకు అతికినట్టు సరిపోయాయి. అణా అంటే రూపాయిలో వీసం, బేడ అంటే పరక, పావలా అంటే కాలు. మూడు రూపాయల పదమూడణాలను కరణం ౩౻౼ అని మూడు గుర్తులతో ముగించేవాడు: మూడు, ముక్కాలు, వీసం. ధాన్యం కొలతలోనూ తూముకు నాలుగు కుంచాలు, కుంచానికి నాలుగు మానికలు అన్న లెక్క ఉండడం వల్ల కొలిచే చేతికీ రాసే చేతికీ పొందిక కుదిరింది. గీతలను కూడుకోవడం రోమన్ అంకెల్లోనూ ఉన్నదే. అయితే నాలుగో గీత అవసరం పడకముందే తెలుగు లెక్క పై స్థానానికి వెళ్ళిపోతుంది. సంకలన పద్ధతిలోని సులువునూ స్థానవిలువలోని పొదుపునూ ఒకచోట చేర్చిన ఘనత ఈ గుర్తులది.

ఈ విద్య వీధిబడిలో మొదలయ్యేది. 1800లో నిజాము కడప, బళ్ళారి ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన తరువాత ఈ దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో, మద్రాసు గవర్నరు అయ్యాక 1822లో బడుల లెక్క తీయించాడు. పొరుగున ఉన్న బళ్ళారి జిల్లా కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823లో పంపిన నివేదికలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు నమోదయ్యారు. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, తరువాత లెక్కలు నేర్వడం ఆ నివేదికలో వివరంగా కనబడుతుంది. అప్పటి చదువులో నూటి వరకు ఒంట్లు, ఆపైన ఎక్కాలు, ఆపైన కాలు, అర, వీసం వంటి భిన్నాల ఎక్కాలు కంఠస్థం కావలసిందే. 1820లో కడపకు వచ్చి తెలుగుకు జీవితమంతా సేవ చేసిన సి.పి. బ్రౌన్ కూడా ఈ దేశపు కాలగణనను తెలుసుకోనిదే ఇక్కడి పత్రాలు అర్థం కావని గ్రహించాడు. 1863లో వెలువడిన ఆయన 'కర్ణాటిక్ క్రోనాలజీ' ఆ శ్రద్ధకు ఫలం.

రోమన్ అంకెల రాక

రోమన్ పద్ధతికి ఏడు అక్షరాలు ఆధారం: ఐ అంటే 1, వి అంటే 5, ఎక్స్ అంటే 10, ఎల్ అంటే 50, సి అంటే 100, డి అంటే 500, ఎం అంటే 1000. పెద్ద విలువ తరువాత చిన్న విలువ వస్తే కలపాలి. చిన్నది ముందు వస్తే పెద్దదానిలోంచి తీసివేయాలి. ఒకటి, పది, వంద, వెయ్యిని తెలిపే గుర్తులను వరుసగా మూడుసార్లకు మించి రాయకూడదు. ఐదు, యాభై, ఐదువందల గుర్తులను రెండవసారి రాయనే కూడదు. పైన చెప్పిన 1455 ఈ పద్ధతిలో 'ఎం, సి, డి, ఎల్, వి' అవుతుంది. వందను ఐదువందల ముందు ఉంచడం వల్ల నాలుగు వందలు వచ్చాయి. ఇందులో సున్న లేదు, స్థానం లేదు. కనుక హెచ్చవేత, భాగహారం వంటి పనులకు ఇది ఒదగదు. యూరపు వర్తకులు లెక్కబల్లలపై బిళ్ళలు పేర్చి లెక్క చేసి, ఫలితాన్ని మాత్రమే ఈ అంకెల్లో రాసుకొనేవారు. 1202లో ఫిబొనాచి భారతీయ అంకెలను ఇటలీకి గ్రంథరూపంలో పరిచయం చేసినా, 1299లో ఫ్లోరెన్సు నగరపు నాణేల మారకందార్ల శ్రేణి తన లెక్కపుస్తకాల్లో వాటిని నిషేధించింది. భారతీయ అంకెలు అక్కడ నిలదొక్కుకోవడానికి ఆపై శతాబ్దాలు పట్టాయి.

ఈ సీమలో సామాన్యుని చేతికి రోమన్ అంకె రూపాయిగా వచ్చింది. 1835లో కంపెనీ దేశమంతటికీ ఒకే రూపాయిని ప్రవేశపెట్టినప్పుడు దానిపై నాలుగవ విలియం రాజు పేరు పక్కన నాలుగు నిలువు గీతలు ముద్రించింది. ఐదులోంచి ఒకటి తీసివేసే రూపం బడిపుస్తకాల్లో స్థిరమైనా, నాలుగు గీతల పాత రూపం నాణెంపైనా గడియారం ముఖంపైనా నిలిచిపోయింది. నాలుగు గీతలు కలిస్తే పై స్థానానికి మార్చే కరణం లెక్కకూ, నాలుగింటినీ పక్కపక్కనే నిలిపే ఈ రాజముద్రకూ ఉన్న తేడాయే రెండు పద్ధతుల తేడా. విక్టోరియా రాణి నాణేలపై సంఖ్య లేదు; 1903 నుంచి ఏడవ ఎడ్వర్డు, ఆ తరువాత ఐదవ జార్జి, ఆరవ జార్జి పేర్లతో మళ్ళీ రోమన్ అంకెలు ఊరూరి అంగళ్ళకూ చేరాయి.

రెండవ దారి కచేరీలది. ఆనాటి చట్టాలకు రోమన్ అంకెల్లో సంఖ్య వేసేవారు. నాణేల చట్టం 1835 నాటి పదిహేడవ చట్టం, శిక్షాస్మృతి 1860 నాటి నలభై ఐదవ చట్టం. కోర్టు గుమాస్తాకూ వకీలుకూ వాటిని చదవడం వృత్తిలో భాగమైంది. మూడవ దారి ఉన్నత పాఠశాలలది. మొదటి ఫారం నుంచి ఆరవ ఫారం వరకు తరగతులను రోమన్ అంకెలతో గుర్తించడం వల్ల పల్లె నుంచి వచ్చిన విద్యార్థికి వాటి పరిచయం తప్పనిసరి అయింది. ఈ మూడు చోట్లా రోమన్ అంకె చేసిన పని ఒకటే: వరుసను తెలపడం, హోదాను చూపడం. లెక్క కట్టే పని ఎక్కడా దానికి అప్పగించలేదు.

మార్పులు, మిగిలినవి

స్వాతంత్ర్యం తరువాత రెండు నిర్ణయాలు ఈ చరిత్రను మలుపు తిప్పాయి. రాజ్యాంగం 343వ అధికరణం కేంద్రప్రభుత్వ వ్యవహారాలకు భారతీయ అంకెల అంతర్జాతీయ రూపాన్ని నిర్ణయించింది. ఆ అధికరణం ఉన్న పదిహేడవ భాగానికి సంఖ్య మాత్రం ఆంగ్ల ప్రతిలో రోమన్‌లోనే ఉంది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలు వచ్చి పదహారణాల లెక్క పోయింది. దశాంశ కొలతలు కూడా రావడంతో వీసం, పరక గుర్తులకు పని లేకుండా పోయింది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక వాటిని చదవగల చేతులు అరుదయ్యాయి. తెలుగు అంకెలు కూడా ముద్రణలో క్రమంగా వెనుకబడ్డాయి. పొలాల సాగు వివరాలు రాసే అడంగల్‌లో, రెవెన్యూ లెక్కకు వాడే ఫసలీ సంవత్సరం మాత్రం నిలిచింది. దానికి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది, 1434 ఫసలీ అంటే 2024 జూలైలో మొదలైన ఏడు. 2008లో వెలువడిన యూనికోడ్ 5.1 తెలుగు భిన్నాల గుర్తులకూ తూము గుర్తుకూ చోటిచ్చింది కనుక, నేడు వాటిని కంప్యూటరులో రాయడానికి అడ్డంకి లేదు.

రోమన్ అంకెలు నేర్పడం మంచిదే. సున్న లేని పద్ధతి ఎంత బరువో తెలిసిన పిల్లవానికే సున్న విలువ తెలుస్తుంది. అయితే రోమ్ నగరపు గుర్తులు చదవగలిగి, తన ఊరి గుడి ముందున్న రాతిపై శకవర్షాన్నీ, తన తాత భూమి పత్రంలోని ముక్కాలు వీసాన్నీ చదవలేకపోవడం చదువుకు లోటు. పది తెలుగు అంకెలు, ఆరు భిన్నపు గుర్తులు నేర్పడానికి ఒక వారం పాఠాలు చాలు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఉపాధ్యాయులు రోమన్ అంకెల పాఠం చెప్పే రోజునే నల్లబల్లపై ఆ పదహారు గుర్తులను కూడా రాసి చూపాలి.