ఆదివారం పనికి రాం

అమెరికా తూర్పు తీరంలో శనివారం రాత్రి పది గంటలైతే మనకు ఆదివారం ఉదయం ఏడున్నరో ఎనిమిదిన్నరో అవుతుంది. అక్కడి బ్యాంకులూ బీమా కంపెనీలూ తమ సాఫ్ట్‌వేర్‌లో మార్పులు చేసుకోవడానికి రద్దీ తక్కువుండే వేళ చూసుకుంటాయి. మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో, నానక్‌రాంగూడలో క్రైస్తవ కుటుంబాలు మందిరానికి బయల్దేరే వేళ కూడా అదే. ఆన్‌కాల్ పడిన ఇంజనీరు ల్యాప్‌టాప్ సంచీతోనే ఆరాధనకు వెళ్లి, ఫోను సైలెంట్‌లో పెట్టుకుని వెనక వరసలో కూర్చుంటాడు.

ఈ తరానికే వచ్చిన చిక్కులా కనిపిస్తుంది గానీ, తెలుగు నేల మీద ఈ ఆదివారం గొడవకు నూటయాభై ఏళ్లు దాటాయి.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరారు. ఆ ఏడాదే తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన వెంట మాదిగపల్లెలు కదిలాయి. ఆ తొలి విశ్వాసులకు పెట్టిన కట్టుబాట్లు మూడే. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు.

ఈ మూడింటిలో ఊరి పెత్తందార్లకు ఎక్కువ మింగుడుపడనిది మొదటిదేనని నా నమ్మకం. ఆనాడు మాదిగల పనికి వేళాపాళా లేదు. ఊరందరికీ చెప్పులు కుట్టాలి, నీళ్లు తోడే మోటకు తోలు సిద్ధం చేయాలి, చచ్చిన గొడ్డును లాగెయ్యాలి, జాతరలో డప్పు కొట్టాలి, కబురందిన క్షణాన వెట్టికి పోవాలి. కూలి ఏమిటంటే కళ్లంలో కొలిచే గింజలు. అలా బతికిన మనిషి వారంలో ఒక రోజు నాది అన్నాడు, ఆ రోజు పనికి రానన్నాడు. అందుకు దెబ్బలు తిన్నాడు, తప్పుడు కేసుల్లో ఇరుక్కున్నాడు, బావి నీళ్లకు దూరమయ్యాడు. నారాయణ్ మేఘాజీ లోఖండే పోరాటంతో బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు దక్కింది 1890లో. ఒంగోలు పల్లెల్లో ఆ మాట అంతకు రెండు దశాబ్దాల ముందే వినిపించింది. మన కార్మిక చరిత్రలు దీనికి చోటివ్వకపోవడం అన్యాయం.

ఆ కట్టుబాటు క్లౌ సొంత ఆలోచన కాదు. మోషే ధర్మశాస్త్రంలో విశ్రాంతి దినపు ఆజ్ఞ ఆరు రోజులు పని చెయ్యమంటుంది, ఏడో రోజు ఆగమంటుంది. ఆగాల్సినవాళ్లు ఎవరెవరో విడమరిచి చెబుతుంది: కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, ఇంట ఉన్న పరదేశి. ద్వితీయోపదేశకాండం కారణం కూడా చూపిస్తుంది. మీరూ ఒకప్పుడు ఐగుప్తులో బానిసలే, అది మరవొద్దంటుంది. యజమాని హాయిగా పడుకుని పనివాళ్లతో చాకిరీ చేయించుకుంటే ఆ ఆజ్ఞ నెరవేరినట్టు కాదు.

ఇక పని అంటారా, బైబిలు లెక్కలో అది శాపం కాదు. పాపం ప్రవేశించక ముందే దేవుడు ఆదామును తోటలో పెట్టింది దాన్ని సాగు చేసి కాపాడడానికి. చెమటా ముళ్లూ ఆ తర్వాత వచ్చాయి. యేసు నజరేతులో వడ్రంగి. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్ల దంపతుల ఇంట డేరాలు కుట్టుకుంటూ సువార్త చెప్పాడు. ఆ డేరాల పని తోలుపని అయ్యుండవచ్చని కొందరు పండితుల అభిప్రాయం. తోలుపని చేసినందుకే ఊరవతల ఉంచిన మనుషులకు ఈ కబురు ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోండి! గ్రీకు పెద్దలు చేతిపనిని చిన్నచూపు చూసిన కాలంలో పౌలు తన చేతుల కష్టాన్ని గర్వంగా చెప్పుకున్నాడు. ఆరో శతాబ్దంలో బెనెడిక్టు తన మఠానికి రాసిన నియమావళిలో పనిముట్లనూ పాత్రలనూ బలిపీఠపు పాత్రలంత భక్తిగా చూసుకోమన్నాడు. 1520లో మార్టిన్ లూథర్ జర్మన్ ప్రభువులకు రాస్తూ, చెప్పులు కుట్టేవాడూ కమ్మరీ రైతూ ఎవరి పనిలో వాళ్లుంటూనే యాజకులతో సమానమన్నాడు. ఆయన బాటలోని లూథరన్ మిషనరీ ఫాదర్ హెయర్ గుంటూరు చేరింది 1842లో.

కానీ తెలుగువాళ్లకు ఈ పాఠం ఎక్కువగా అందింది పుస్తకాల వల్ల కాదు, కాలువ మట్టి వల్ల. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం సాగుతోంది. మిషనరీ కాక ముందు మిన్నెసోటాలో సర్వేయరుగా పనిచేసిన క్లౌ ఆ కాలువలో మూడు మైళ్లకు పైగా భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆకలితో నకనకలాడుతున్న వేలమంది అక్కడ గడ్డపార పట్టి, తట్టలు మోసి కూలి డబ్బు తీసుకున్నారు. మేస్త్రీలుగా నిలబడింది బోధకులే. మధ్యాహ్నం కాసేపు చేతులాగినప్పుడు, ప్రయాసపడి భారం మోసేవాళ్లకు విశ్రాంతి ఇస్తానన్న యేసు మాట చెప్పేవాళ్లు. నడుము విరిగేలా మట్టి మోసిన మనిషికి ఆ మాటను ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని క్లౌ కరువు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. వాటిని మళ్లీ మొదలుపెట్టాక, 1878 జూలై 3న ఒక్కరోజే వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు.

తెలంగాణలోనూ ఇలాంటిదే జరిగింది. మెదక్‌లో చార్లెస్ వాకర్ పోస్నెట్ కరువు రోజుల్లో చర్చి కట్టించారు. పని చేసినవాళ్లకు తిండి దొరికింది. 1924 డిసెంబరు 25న ఆ చర్చిని ప్రతిష్ఠించారు. దాని గోపురం చూడడానికి జనం ఇప్పటికీ హైదరాబాదు నుంచి పోతుంటారు.

1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. బండరాళ్ల మధ్య పల్లెగా ఉన్న మాదాపూర్ కొత్త కొలువులకు చిరునామా అయింది. గుంటూరు, ఒంగోలు, నెల్లూరు, మెదక్ సంఘాల పిల్లలూ ఇంజనీరింగ్ చదివి ఇక్కడికి వచ్చారు. కాలువలో తట్ట మోసినవాళ్ల మునిమనవళ్లూ వాళ్లలో ఉండే ఉంటారు. మొదటి జీతాన్ని ప్రథమ ఫలమని మందిరంలో అర్పించడం, నెలనెలా దశమభాగం తీయడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. సాక్ష్యాల వేళ ఉద్యోగం వచ్చినందుకు, ఆన్‌సైట్ దొరికినందుకు, వీసా స్టాంపు పడినందుకు స్తోత్రాలు వినిపిస్తాయి.

నా బాధ ఇక్కడే. ఉద్యోగం దొరకడం గురించి చెప్పినంతగా ఉద్యోగంలో చేసే పని గురించి చెప్పం. ఆసుపత్రి బిల్లులో తప్పు పడకుండా నాలుగు రోజులు కోడ్ పరీక్షించిన అమ్మాయి లేచి ఆ సంగతి సాక్ష్యంగా చెప్పడం నేనెప్పుడూ వినలేదు. లేని అనుభవాన్ని రెజ్యూమేలో చూపించనందుకు ఇంటర్వ్యూ పోగొట్టుకున్న కుర్రాడిదీ సాక్ష్యమే. దేవుని సేవ అనగానే ఉద్యోగం మానేసి పూర్తికాల సేవకు వెళ్లినవాళ్లే గుర్తొస్తారు. లూథర్ తోసిపుచ్చిన తేడా మన మందిరాల్లో మళ్లీ నిలబడింది.

ఆదివారం సంగతి కూడా అలాగే సగంలో ఆగింది. టీముల్లో సర్దుబాట్లు బాగానే జరుగుతున్నాయి. దీపావళి నాటి ఆన్‌కాల్ క్రైస్తవుడు తీసుకుంటే, ఆదివారానిది ఇంకొకరు తీసుకుంటారు. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టంలోని కొన్ని నిబంధనల నుంచి ఐటీ కంపెనీలకు మినహాయింపు ఇచ్చినప్పుడు కూడా వారానికొక సెలవు ఉండాలన్న షరతును ప్రభుత్వం వదల్లేదు. ల్యాప్‌టాప్ ఉన్నవాడికి రోస్టరు మార్చమని అడిగే నోరుంది. అదే భవనంలో గేటు దగ్గర పన్నెండు గంటలు నిలబడే సెక్యూరిటీ మనిషికీ, అంతస్తులు తుడిచే అమ్మకూ, క్యాబ్ నడిపే అన్నకూ సెలవు కాంట్రాక్టరు దయ. ఆజ్ఞ పేరుపేరునా చెప్పిన దాసుడూ దాసీ పరదేశీ ఇవాళ వీళ్లే. ఆదివారం పనికి రామని మొట్టమొదట అన్నవాళ్లు కూడా వీళ్లలాంటివాళ్లే.

హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ ఒప్పందాల మీద సంతకం పెట్టే మేనేజర్లలో ప్రతి ఆదివారం మందిరానికి వెళ్లేవాళ్లు ఉన్నారు. వారపు సెలవు గురించి ఆ కాగితాల్లో ఏం రాసి ఉందో, సెలవు తీసుకుంటే కూలి కోస్తున్నారో లేదో, సోమవారం ఆఫీసుకు వెళ్లగానే వాళ్లు చూడగలరు.