పారు నీటికి లెక్క

క్రీ. శ. 97వ సంవత్సరమున ఫ్రాంటినస్ రోమునగర జలాధికారిగా నియమితుడయ్యెను. కాలువల మొదట కొలిచిన నీరు హెచ్చుగను, నగరమున పంచిన నీరు తక్కువగను కానవచ్చెను. అతడు నీటిపనివారి దొంగతనమును నిందించెను. దొంగతనమును నిజమే, రహస్యపు గొట్టములు బయటపడినవి. కాని అతడు కొలిచినది ప్రవాహపు అడ్డుకోత వైశాల్యము మాత్రమే. వేగమునకును ప్రభావము గలదని యెరిగియు, దానిని లెక్కలోనికి తేజాలకపోయెను. కనుక ఎంత నీరు దొంగల పాలైనదో, ఎంత కొలతలోని లోపమో తేల్చుట దుర్లభము.

ఆ శతాబ్దముననే అలెగ్జాండ్రియావాసి హీరో, ఊటనీటి పరిమాణము తెలియుటకు వైశాల్యమొక్కటి చాలదనియు, వేగమును తెలియవలెననియు వ్రాసెను. ఆ మాట మరుగున పడెను. 1628లో గెలీలియో శిష్యుడును, క్రైస్తవ సన్న్యాసియునైన కాస్టెల్లి దానిని నియమముగా ప్రకటించెను: నిలకడగా పారు నదిలో ప్రతి అడ్డుకోత గుండను సమానకాలమున సమానజలము సాగును. అందుచేతనే వంతెనక్రింద ఇరుకైన కాలువలో నీరు వడిగా పరుగిడును. లోతు మారక వెడల్పు సగమైనచో వేగము రెట్టింపగును. 1757లో ఆయిలర్ ఈ సత్యమునే ప్రవాహమందలి ప్రతి బిందువునకును వర్తించు సమీకరణముగా వెలువరించెను.

నీరు దారిలో ఊరక మాయము కాదు. లెక్క తప్పినపుడు మనుష్యుని శంకించుటకు ముందు మన కొలతను పరీక్షించుకొనుట న్యాయము.