శిఖం అంచున పిట్టలు

పక్షుల నెలవు అనగానే తెలుగువారి మనసు సముద్రం దిక్కుకే పోతుంది. పులికాట్ రాజహంసలు, నేలపట్టు గూడబాతులు, కొల్లేటి కొంగలు గుర్తొస్తాయి. సర్కారు గుర్తింపూ అటే నడిచింది. పులికాట్ 1976లో అభయారణ్యమైంది. కొల్లేరు 1999లో అభయారణ్యమై, 2002లో రాంసర్ జాబితాకెక్కింది. నల్లగొండ, పాలమూరు వైపు రక్షణ దొరికింది అమ్రాబాద్ అడవికి, అదీ పులి పేరుతో. ఈ మెట్టనేలలో ఏటా కురిసేది సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన. పులికాట్ లాంటి ఉప్పుకయ్య లేదు, కొల్లేరంత సహజ సరస్సూ లేదు. అయినా చలికాలం వస్తే ఊరి చెరువుల్లో నామాలకోళ్లు, నీటికాకులు, ఉల్లంకులు దిగుతాయి. వాటికి ఆ చోటు ప్రకృతి ఇచ్చింది తక్కువ, మనిషి తవ్వింది ఎక్కువ. ఇక్కడి నీటిపక్షుల చరిత్ర రాయాలంటే చెరువుల చరిత్రతోనే మొదలుపెట్టాలి.

నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు కందూరు చోడుల రాజధాని. అక్కడి ఉదయసముద్రం ఉదయన చోడుడి పేరు మోస్తున్న చెరువు. పేరులో సముద్రమున్నా అది వాగునీటిని మట్టికట్టతో ఆపి నిలిపిన నీరే. కాకతీయులూ వారి సామంతులూ ఈ పద్ధతిని ఊరూరికీ పాకించారు. పై చెరువు మత్తడి (అలుగు) దుంకితే కింది చెరువు నిండే గొలుసుకట్టు ఏర్పడింది. శాసనాల్లో రాజుల పేర్లుంటాయి గానీ మట్టి మోసినవాళ్ల పేర్లుండవు. వడ్డెర కుటుంబాల చేతిపని ఈ కట్టల్లో ఉంది.

చెరువు పక్షికి ఎలా పనికొస్తుందో తెలియాలంటే కట్ట మీంచి కాదు, శిఖం వైపు నుంచి, అంటే నీరు పరుచుకునే లోపలి నేల వైపు నుంచి చూడాలి. కట్ట దగ్గర లోతు ఎక్కువ. అక్కడ నీటికాకి మునిగి చేపను పడుతుంది. కాస్త ఇవతల నాచు పెరిగే చోట నామాలకోళ్లు, బుడుబుంగలు ఉంటాయి. మోకాటిలోతులో ఎర్రకాళ్ల కొంగ సగం తెరిచిన ముక్కును నీళ్లలో ఆడిస్తుంది. నీరు తీసిన తడిబురదలో ఉల్లంకి ముక్కు గుచ్చి పురుగులు ఏరుకుంటుంది. నీళ్లు పంచే నీరటి తూము తీసి పొలాలకు వదిలినకొద్దీ అంచు మెల్లగా వెనక్కి జరుగుతుంది, కొత్త బురద బయటపడుతుంది. ఆ తడి ఆరకముందే రైతు శిఖంలో విత్తనం వేస్తాడు. పైరుకు నీళ్లు పంచే పనే పిట్టకు మేత పంచే పనీ అయింది.

మరి చెరువుకూ పిట్టకూ ఉన్న ఈ సంబంధం పుస్తకాలకెందుకు ఎక్కలేదు? పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ 1931లో నిజాం ప్రభుత్వ సాయంతో హైదరాబాద్ సంస్థానపు పక్షుల సర్వే మొదలుపెట్టి అమ్రాబాద్ పీఠభూమిలోని ఫరహాబాద్ దాకా తిరిగాడు. ఆ రోజుల్లో సర్వే అంటే పిట్టను కాల్చి, చర్మం ఒలిచి, కొలిచి, చీటీ కట్టడం. ఏ జాతి ఎక్కడుందన్నది అప్పటి ప్రశ్న. తూము తీయడానికీ పిట్ట రావడానికీ ఉన్న లంకె తుపాకీతో తేలేది కాదు; ఏటేటా అదే చెరువుకు వెళ్లి లెక్కపెట్టాలి. 1980లో హైదరాబాద్‌లో పక్షి పరిశీలకుల సంఘం ఏర్పడింది. 1987 నుంచి ఆసియా దేశాల్లో జనవరి నెలలో నీటిపక్షుల గణన జరుగుతోంది. బైనాక్యులర్ల కాలం వచ్చాకే ఊరచెరువుకు విలువ దొరికింది.

చెరువులు వరి కోసం కట్టారు, పక్షుల కోసం కాదు కదా అనొచ్చు. నిజమే. కానీ నెలవును నిలబెట్టేది కట్టినవాడి ఉద్దేశం కాదు, ఏటా జరిగే పని. కృష్ణ, మూసీ, డిండి ముందే ఉన్నాయిగా అన్నది రెండో మాట. ఉన్నాయి; అయితే నల్లమల దగ్గర కృష్ణ లోయలో పారుతుంది, చిన్న వాగులు వాన వెలిశాక ఎండిపోతాయి. పల్చటి నీటిని నెలల తరబడి ఊరూరా పరిచింది చెరువులే. నాగార్జునసాగర్, జూరాల వచ్చాక చెరువులతో పనేమిటన్నది మూడో మాట. పెద్ద జలాశయాల వెనకనీళ్లలోనూ పక్షులు దిగుతాయి, కాదనలేం. కానీ అక్కడ మట్టం కరెంటు అవసరాన్నీ ఎగువ వరదనూ బట్టి ఒక్కసారిగా మారుతుంది. లోతునీరు ఉల్లంకికి దక్కదు. చెరువుకూ జలాశయానికీ పోటీ అనుకోనక్కర్లేదు: నేడు ఉదయసముద్రానికి కృష్ణ నీళ్లే ఎక్కుతున్నాయి.

2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకం చెరువుల పూడిక తీయించింది, కట్టలు బలపరిచింది. అది అవసరమైన పని. అయితే చెరువును ఎన్ని నీళ్లు పడతాయన్న లెక్కతోనే కొలిస్తే గోతిలా తవ్విందే మంచి చెరువనిపిస్తుంది. అంచు వాలు పోయి నిట్టనిలువు గట్టు మిగిలితే నీటికాకి ఉంటుంది, ఉల్లంకి ఉండదు. శిఖాన్ని ప్లాట్లుగా కోసినా నష్టం అదే. కట్టనూ తూమునూ మత్తడినీ కొలిచే రిజిస్టరులో, నీరు మెల్లగా వెనక్కి తీసే ఆ పల్లపు అంచుకూ ఒక గడి ఉండాలి.