స్థిర బ్లాగు ఉత్పాదకాలు: మూలప్రతి, తేదీ, నిలుకడ

బ్లాగు పేజీని పాఠకుడు కోరిన క్షణంలో కూర్చాలా, లేక ప్రచురణ సమయంలోనే హెచ్‌టీఎంఎల్ రూపంలో సిద్ధం చేసి ఉంచాలా అన్నది బ్లాగుల తొలినాళ్ల నుంచీ ఉన్న ప్రశ్న. 2001లో వచ్చిన మూవబుల్ టైప్ రెండో మార్గాన్ని, 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్ మొదటి మార్గాన్ని అనుసరించాయి. ఈ రెండింటి పోలికలో సాధారణంగా వేగమే ప్రస్తావనకు వస్తుంది. అయితే రెండింటిలోనూ రచన డేటాబేస్‌లోనే ఉండేది. మూలప్రతి ఎక్కడ ఉండాలన్నది అంతకంటే మౌలికమైన ప్రశ్న.

రేల్ డార్న్‌ఫెస్ట్ పెర్ల్ భాషలో రూపొందించిన బ్లాసమ్ ఈ ప్రశ్నకు సూటిగా సమాధానమిచ్చింది. అందులో ప్రతి రచనా ఒక సాదా పాఠపు ఫైలు. మొదటి పంక్తి శీర్షిక, తక్కినది రచన, ఫైలు ఉన్న ఫోల్డరే దాని వర్గం. పేజీలను అప్పటికప్పుడు కూర్చడమే కాక, ముందుగా తయారుచేసి ఉంచే వీలు కూడా ఉండేది. ఇంత పొదుపైన రూపకల్పనలో ఒక లోపం ఉంది. ఫైలు చివరిసారి మారిన సమయాన్నే అది రచన తేదీగా గ్రహించేది. పాత రచనలో ఒక అక్షరదోషం దిద్దితే చాలు, అది నేటి రచనగా పైకి వచ్చేది. ఆ సమయాలను భద్రపరచకుండా ఫైళ్లను మరో సర్వర్‌కు నకలు చేస్తే కాలక్రమం మొత్తం చెదిరిపోయేది. తేదీ రచనలో భాగం కాలేదు. దానిని మోసే యంత్రం వద్దే ఉండిపోయింది. తాళపత్ర ప్రతుల కాలనిర్ణయంలో రచనాకాలాన్నీ లేఖనకాలాన్నీ వేరుచేయవలసి వచ్చే పరిశోధకులకు ఈ చిక్కు కొత్తది కాదు.

2008లో టామ్ ప్రెస్టన్-వెర్నర్ రూబీ భాషలో రాసిన జెకిల్ తేదీని ఫైలు పేరులోకి, శీర్షిక మొదలైన వివరాలను ఫైలు తలభాగంలోకి తెచ్చింది. గ్రంథం చివర ఉండే గద్యలాగా, రచన గురించిన సమాచారం రచనతోనే ప్రయాణించసాగింది. పాఠం విషయానికొస్తే, జాన్ గ్రూబర్ 2004లో ప్రకటించిన మార్క్‌డౌన్‌ను జెకిల్ స్వీకరించింది. హెచ్‌టీఎంఎల్‌గా మారకముందే పాఠం చదవదగినదిగా ఉండాలన్నది దాని నియమం. ఈ ఆలోచన గ్రూబర్‌తో మొదలైనది కాదు; 1992 నాటికే టిడ్‌బిట్స్ వారపత్రిక సెటెక్స్ట్ అనే ఇటువంటి పద్ధతిని వాడింది.

తెలుగువారికీ ఇటువంటి అనుభవం ఉంది. 1990లలో యూజ్‌నెట్ తెలుగు చర్చావేదికలో వాడిన ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణ సాదా రోమన్ అక్షరాలతోనే నడిచింది. దాని నియమాలు బహిరంగం కనుక ఆ పాఠాలను తరువాత యూనికోడ్‌లోకి మార్చడం సాధ్యమైంది. అదే కాలంలో సొంత ఫాంట్లతో వెలువడిన తెలుగు పేజీలు ఆయా ఫాంట్లు లేనిచోట అర్థంకాని గుర్తులుగా మిగిలాయి. వాటిని చదవాలంటే ఒక్కో ఫాంటుకు ఒక్కో మార్పిడి పట్టిక తయారుచేయవలసి వచ్చింది.